డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి

1927 సంవత్సరారంభమున చెన్నరాజధాని శాసనసభలో ఒక స్త్రీ సభ్యురాలుగా ప్రమాణము చేసెను. బ్రిటిష్ ఇండియాలోని ఏ శాసనసభయందును అంతకుముందు స్త్రీ సభ్యత్వము వహించియుండలేదు. సభవారు ఆ సంవత్సరముననే ఆమెను ఉపాధ్యక్షపదవికి ఎన్నుకొనిరి. ఆమెయే డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి. తరువాతి కాలమున దక్షిణదేశపు సాంఘిక శాసనముల చరిత్రలో ఆమె పేరు ప్రస్తావింపని అధ్యాయము లేదు.

అయితే ఆమె ఆ స్థానమునకు ఓటర్ల నిర్ణయము వలన రాలేదు; గవర్నరు నియమింపగా వచ్చెను. ఆమె అక్కడ ఏ స్త్రీల విషయమై ముఖ్యముగా శాసనమును కోరెనో, ఆ స్త్రీల పక్షమున మాటలాడుటకు వారు పంపిన ప్రతినిధి ఆ సభలో ఒక్కరును లేరు. అట్లని ఆమె వారికి పరాయిది కాదు. తల్లివైపున ఆ కులమున పుట్టినదే. ఈ మూడు సంగతులను కలిపి చూచిననే ఆమె జీవితము అర్థమగును.

ముత్తులక్ష్మి 1886 జూలై 30వ తేదీన పుదుక్కోట సంస్థానమున జన్మించెను. తండ్రి నారాయణస్వామి అయ్యరు విద్యావంతుడు, మహారాజా కళాశాలకు ప్రిన్సిపాలు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కులమునకు చెందినది. ఆమెను ఇల్లాలిగా స్వీకరించినందుకు అయ్యరును ఆయన బంధువులు వెలివేసిరి. అందుచేత ఆ పిల్లలు ఇంట తండ్రి విద్యను, ఊరిలో తల్లి కులమునకు గల నిందను ఒకేసారి ఎరుగుచు పెరిగిరి.

ఆ కులమును గూర్చి ఇచట రెండు మాటలు చెప్పవలెను. తెనుగుదేశమున కళావంతులనియు, భోగమువారనియు, సానులనియు వ్యవహరింపబడినవారును, తమిళదేశపు దేవదాసీలును ఇంచుమించుగా ఒకే ఆచారమును పాటించిన వర్గములవారు. బాల్యముననే బాలికకు దేవుని పేర తాళి కట్టి, లేదా ముద్ర వేసి, గుడిలో ఆటపాటల సేవకు అంకితము చేయుచుండిరి. అట్టి స్త్రీకి మానవునితో వివాహము లేదు. ధనికులైన పోషకులతో సంబంధము మాత్రము ఆచారమై యుండెను. వైధవ్యమును లేదు, దేవుడు చావడు గదా! ఆస్తి తల్లినుండి కూతునకు సంక్రమించెడిది. ఆమె ఆడపిల్లను దత్తత చేసికొనవచ్చును. తల్లికి కర్మ చేయవచ్చును. చదువను వ్రాయను నేర్వవచ్చును. గౌరవకుటుంబముల స్త్రీలకు అక్షరము నిషిద్ధమైన కాలమున క్షేత్రయ్య పదములను అర్థము తెలిసి పాడగలిగినవారు వీరే. కాని ఈ హక్కులన్నిటికి మూలధనము ఆ బాలిక శరీరమే. పోషకుని దయ తప్పినను, గుడి ఆదాయము తగ్గినను ఆమె బ్రతుకు వీథికెక్కుచుండెను. పందొమ్మిదవ శతాబ్దాంతమునకు రాజులును జమీందారులును క్షీణించిరి; సంస్కర్తలు మేజువాణీలను బహిష్కరింపుడని ఉద్యమించిరి. ఆంధ్రదేశమున కందుకూరి వీరేశలింగము పంతులును, రఘుపతి వేంకటరత్నము నాయుడును ఆ ఉద్యమమునకు అగ్రేసరులు. ముత్తులక్ష్మి బాల్యమునాటికి ఆ కులములో పుట్టుట భాగ్యముగా ఎంచువారు అరుదైపోయిరి.

ఆమె చదువు ఇంటిలోనే చాలవరకు సాగినది. ప్రవేశపరీక్షలో ప్రైవేటుగా ఉత్తీర్ణురాలైన పిమ్మట మహారాజా కళాశాలలో చేరుటకు దరఖాస్తు పెట్టుకొనెను. అది మగపిల్లల కళాశాల. ఆడపిల్ల, అందులోను దేవదాసి కూతురు, తమ పిల్లల ప్రక్కన కూర్చుండుటకు వీలులేదని తల్లిదండ్రులు అభ్యంతరము చెప్పిరి. పుదుక్కోట రాజు మార్తాండభైరవ తొండమాను ఆ అభ్యంతరములను త్రోసివేసి ఆమెను చేర్చుకొనుటయే గాక విద్యార్థివేతనమును గూడ ఇప్పించెను. ఆమె జీవితమున తలుపు తెరచినది పై అధికారియే యగుట ఇది మొదటిసారి, కడపటిసారి కాదు.

1907లో ఆమె మద్రాసు వైద్యకళాశాలలో చేరెను. 1912లో పతకములతోను బహుమతులతోను పట్టము పుచ్చుకొని, ఎగ్మూరులోని స్త్రీల, శిశువుల ప్రభుత్వ వైద్యశాలలో పనిచేసెను. 1914లో డాక్టరు సుందరరెడ్డిని వివాహమాడెను. కులాంతరవివాహము, 1872 నాటి చట్టము ననుసరించి జరిగినది. తనను సమానురాలిగా చూడవలెననియు, తన యిష్టములకు అడ్డుచెప్పరాదనియు వరునితో ముందుగనే ఒడంబడిక చేసికొన్నదట. ఆయన ఆ మాటను కడవరకు నిలుపుకొనెను. ఇద్దరు కుమారులు కలిగిరి. 1923లో ఆమె సోదరి కాన్సరువ్యాధితో బాధపడి మరణించెను. వైద్యురాలైయుండియు చెల్లెలిని కాపాడుకొనలేకపోయితినన్న బాధ ఆమెను విడువలేదు. ఆ బాధ ఫలించుటకు ముప్పదియొక్క యేండ్లు పట్టినది.

1925లో మద్రాసు ప్రభుత్వపు విద్యార్థివేతనముపై ఆమె ఉన్నత వైద్యశిక్షణకై లండనుకు వెడలెను. మరుసటి యేడు పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ మహిళాసభలో పాల్గొనెను. తిరిగివచ్చుసరికి స్వదేశమున స్త్రీల రాజకీయహక్కుల సమస్య క్రొత్తమలుపు తిరిగియుండెను.

ఆ కథను కొంచెము వెనుకకు పోయి చెప్పవలెను. 1917లో అడయారునందు మార్గరెట్ కజిన్స్, డోరతీ జినరాజదాస, అనీబిసెంటు మున్నగువారు భారత మహిళాసంఘమును స్థాపించిరి. అదే సంవత్సరమున సరోజినీనాయుడు నాయకత్వమున ఒక స్త్రీల రాయబారము మద్రాసులో మాంటేగును కలిసి, పురుషులకిచ్చు ఓటును స్త్రీలకును ఇమ్మని కోరినది. 1919 చట్టము ఆ నిర్ణయమును రాష్ట్రశాసనసభలకు వదలిపెట్టినది. 1921లో చెన్నరాజధాని తక్కిన అన్నిటికంటె ముందుగా స్త్రీలకు ఓటుహక్కు నిచ్చినది. కాని ఆ ఓటు ఆస్తికిని పన్నునకును ముడిపడియుండెను. స్వంత పేర ఆస్తిగల స్త్రీ లెందరు? కనుక కాగితముమీద లింగభేదము తొలగినను ఓటర్లపట్టికలో స్త్రీలు స్వల్పసంఖ్యాకులుగనే యుండిరి. సభ్యులుగా నిలుచు హక్కు 1926లో గాని రాలేదు. ఆ యేటి ఎన్నికలలో మంగుళూరునుండి కమలాదేవీ చట్టోపాధ్యాయ పోటీచేసి కొద్దిపాటి ఓట్ల తేడాతో ఓడిపోయెను.

ఓట్లమార్గమున స్త్రీలు సభలోనికి పోలేరని స్పష్టమైనంతట మహిళాసంఘమువారు ప్రభుత్వమును ఆశ్రయించి, నియామకస్థానములలో ఒకటి స్త్రీకి ఇమ్మని కోరిరి. గవర్నరు గోషెన్ ప్రభువు అంగీకరించెను. ముత్తులక్ష్మీరెడ్డి పేరు వచ్చినది. వైద్యవృత్తిని విడిచి రాజకీయములలో దిగుటకు మొదట ఆమె వెనుదీసెను. మిత్రుల ప్రోద్బలముచే ఒప్పుకొనెను.

సభలో ఆమె పని వైద్యురాలి పనివలెనే సాగినది. ముందు రోగనిర్ణయము, పిదప మందు. పాఠశాలల పిల్లలకు వైద్యపరీక్ష జరుపవలెననియు, పిల్లలకు ప్రత్యేకవైద్యశాల కావలెననియు, ప్రసూతివైద్యమునకు ఎక్కువ ధనము కేటాయింపవలెననియు పట్టుపట్టెను. ముస్లిము బాలికల వసతిగృహమునకును, హరిజన బాలికల విద్యకును పాటుపడెను. బాలికల వివాహవయస్సును పెంచవలెనని తీర్మానము తెచ్చెను. శారదాచట్టము 1929లో కేంద్రశాసనసభలో నెగ్గుటకు దేశమంతట సాగిన ఒత్తిడిలో ఆమెదియు ఒక గొంతు. వ్యభిచారగృహములను అణచుటకు 1930లో మద్రాసులో వచ్చిన చట్టము వెనుకను ఆమె కృషి యుండెను. విద్యావిషయమై హార్టాగు ఆధ్వర్యమున పనిచేసిన సంఘమున ఆమె సభ్యురాలు. ఆ సంఘము సైమన్ కమిషనుకు అనుబంధమైనది. దేశమంతయు సైమన్‌ను బహిష్కరించుచున్న దినములవి. బాలికల విద్యను గూర్చి చెప్పుటకు దొరికిన అవకాశమును వదలుకొనుటకు ఆమె ఇష్టపడలేదు. ఇది కొందరు జాతీయవాదులకు నచ్చలేదు.

ఇక దేవదాసీ సమస్య. 1927 నవంబరులో, దేవాలయములకు బాలికలను అంకితము చేయు ఆచారమును మాన్పుటకు శాసనము చేయవలెనని ప్రభుత్వమునకు సిఫారసు చేయుచు ఆమె తీర్మానము ప్రవేశపెట్టెను. సభ ఆమోదించినది. తీర్మానమునకు ప్రభుత్వమును కట్టివేయు బలము లేదని శాసనవ్యవహారములు తెలిసినవారు ఎరుగుదురు. ఆమెయు ఎరుగును. కనుక నేరుగా నిషేధబిల్లు తేకముందు ఇంకొక మార్గమును త్రొక్కెను.

పానుగంటి రామారాయణింగారు, అనగా పానగల్లు రాజాగారు, ముఖ్యమంత్రిగా నుండగా తెచ్చిన హిందూ దేవాదాయ చట్టము అప్పటికే అమలులో నుండెను. ఆచారము ఇంతకాలము నిలుచుటకు భక్తి యొక్కటియే కారణము కాదని ముత్తులక్ష్మి గ్రహించెను. అనేక దేవాలయములలో దేవదాసీలకు ఇనాముభూములుండెను. సేవ చేసినంతకాలమే భూమి. తల్లి ముసలిదైనచో ఆ యింటి ఆడపిల్లలలో ఎవతెయో ఒకతె ముద్ర వేయించుకొనిననే భూమి నిలుచును. లేనిచో గుడికి పోవును. ఒక పిల్లను అర్పించి ఇల్లంతయు అన్నము తినుచుండెనన్నమాట. ముత్తులక్ష్మి ఈ ముడిని విప్పదలచెను. 1929లో నెగ్గిన ఆమె సవరణవలన దేవాదాయచట్టమున 44-ఎ సెక్షను చేరినది. దానిచొప్పున ఇనాముభూమి సేవాషరతునుండి విముక్తమై, నిర్ణీతమైన శిస్తుమీద అనుభవదారురాలికే చెందును. పిల్లను అంకితము చేసినను చేయకున్నను భూమి పోదు. ఉపన్యాసములు ముప్పదియేండ్లు చేయలేని పనిని సెక్షనొకటి చేయగలదని నమ్మువారికి ఇది మంచి దృష్టాంతము. అయితే అది భూమిగలవారికే పనికివచ్చెను. భూమి లేక దినవెచ్చముపై బ్రతికిన దాసీకి ఆ సవరణ వలన ఒరిగినది స్వల్పము.

ఈ చర్చలు సాగుచుండగా ఎవరిని గూర్చి చర్చ జరుగుచున్నదో వారే ముందుకు వచ్చిరి. మద్రాసులోని దేవదాసీలు సంఘముగా ఏర్పడి ప్రభుత్వమునకు వినతిపత్రములు సమర్పించిరి. తాము వేశ్యలము కామనియు, వ్యభిచారమును అణచుటకు తామును సమ్మతమేననియు, అది తమ కులమును రూపుమాపుటకు సాకు కారాదనియు వారి వాదము. తమ ఆస్తిహక్కు, దత్తతహక్కు, గుడిలో తమ స్థానము ఏమగునని ప్రశ్నించిరి. తమకు కావలసినది నిర్మూలనము కాదు, మతమునందును కళలయందును విద్య యని విన్నవించుకొనిరి. ఈ పక్షమున ప్రసిద్ధురాలు బెంగుళూరు నాగరత్నమ్మ. తెలుగువారికి ఆమె పేరు క్రొత్తది కాదు. తంజావూరి కవయిత్రి ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును 1910లో పరిష్కరించి ప్రకటించినదియు, ఆ గ్రంథముపై ప్రభుత్వము విధించిన నిషేధమును ఎదుర్కొన్నదియు, తిరువైయారులో త్యాగరాజస్వామి సమాధికి ఆలయము కట్టించినదియు ఆమెయే. తన కులమున పుట్టిన కవయిత్రిని సభ్యసమాజము అసభ్యురాలనగా సహింపని నాగరత్నమ్మ, తన కులమునే అసభ్యమనగా ఊరకుండునా?

ముత్తులక్ష్మి వారి విన్నపములను మన్నింపలేదు. పసిపిల్లకు ముద్ర వేయునాడు ఆ పిల్ల సమ్మతి ఎవరడిగిరి, పెద్దయైనపిదప ఆమె ఆచారమును సమర్థించినంతమాత్రమున ఆ పసిదాని పక్షమున ఎవరు మాటలాడవలెను, అన్నది ఆమె దృష్టి. సుఖవ్యాధులతో ఆసుపత్రికి వచ్చిన యువతులను ఆమె చేతులతో పరీక్షించియుండెను. ఆ దృష్టితో చూచిన ఆమె వాదము అఖండనీయము. అయితే ఆమె తన ప్రసంగములలోను వ్రాతలలోను కులమునంతటిని ఒకే వ్యభిచారవృత్తిగా చిత్రించుట నాగరత్నమ్మవంటివారిని గాయపరచినది. ఆ గాయము అకారణమని చెప్పుటకు వీలులేదు. ఇంకొక సంగతియు మరువరాదు. కులస్త్రీలందరు ఒకే పక్షమున లేరు. మూవలూరు రామామృతమ్మాళ్ ఆ కులమున పుట్టియే ఆచారమును తుదముట్టింపుమని ఊరూర తిరిగెను. తెలుగువారిలో యామినీ పూర్ణతిలకమ్మ మద్రాసులో యువతులకు శరణాలయమును నడపెను. ఒక కులమునకు ఒకే గొంతు ఉండునని తలచువారు, ఉన్న గొంతులలో తమకు నచ్చినదానినే వినుచుందురు.

1930 జనవరిలో ఆమె అంకితమును నిషేధించు బిల్లును సభలో ప్రవేశపెట్టెను. బిల్లు ప్రజాభిప్రాయమునకై పంపబడినది. అభిప్రాయములు వచ్చుచుండగా ఉప్పుసత్యాగ్రహము దేశమును ఊపివేసినది. మే నెలలో గాంధీమహాత్ముని అరెస్టు చేసిరి. ముత్తులక్ష్మి ఆ వార్త విని తన సభ్యత్వమునకు రాజీనామా నిచ్చెను. ప్రభుత్వము నియమించిన స్థానమున, ఆ ప్రభుత్వమే గాంధీని బంధించినపిదప, కూర్చుండుటకు ఆమె మనస్సు ఒప్పలేదు. ఆ రాజీనామాతో ప్రాణప్రదమైన బిల్లు నిరాధారమైనది. మూడేండ్ల కృషిని ఒక్క లేఖతో వదలుకొనుట సులభము కాదు. నియామకముతో వచ్చిన స్థానము ఎంత బలహీనమైనదో, దానిని విడుచు స్వేచ్ఛ ఎంత విలువైనదో ఆ ఒక్క సంఘటనలో కనబడును.

అంతలో ఆమె యింటి గుమ్మమున వేరొక సమస్య నిలిచినది. అంకితమును తప్పించుకొని కొందరు దేవదాసీ బాలికలు ఆశ్రయము కోరివచ్చిరి. వారిని నగరమునందలి వసతిగృహములు కులము పేర చేర్చుకొనలేదు. సభలో తీర్మానమునకు చేయెత్తిన పెద్దలలోను తమ పిల్లల సరసన వీరిని కూర్చుండబెట్టుటకు సమ్మతించువారు లేరైరి. ఆమె వారిని తన యింటనే ఉంచుకొనెను. ఆ విధముగా 1930-31 నాటికి అవ్వయ్ హోము ఏర్పడి, పిదప అడయారున స్థిరపడినది. పుదుక్కోట కళాశాల గుమ్మమున తాను నిలిచిన దినమును ఆమె మరచియుండదు.

1931లో ఆమె అఖిల భారత మహిళాసభకు అధ్యక్షత వహించెను. క్రొత్త రాజ్యాంగమున స్త్రీలకు స్థానమేమి యను చర్చ అప్పుడు తీవ్రమై యుండెను. లండనులో జరిగిన మొదటి రౌండుటేబులు సభకు స్త్రీల పక్షమున పోయిన బేగము షానవాజును, రాధాబాయి సుబ్బరాయనును స్త్రీలకు కొంతకాలమైనను ప్రత్యేకస్థానములు కావలెననిరి. రాధాబాయి భర్త డాక్టరు సుబ్బరాయను; ముత్తులక్ష్మి సభలో నున్నప్పుడు ముఖ్యమంత్రి ఆయనయే. కాని మూడు ప్రముఖ మహిళాసంస్థలు ఆ మార్గమును నిరాకరించి, వయోజనులందరికి ఓటు కావలెననియు, స్త్రీలకు ప్రత్యేకస్థానములు వలదనియు, స్త్రీలను హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు అని చీల్చరాదనియు ఉమ్మడిగా విన్నవించినవి. 1933లో ముత్తులక్ష్మియు, రాజకుమారి అమృతకౌరును, బేగము హమీదలీయు లండనుకు పోయి పార్లమెంటు సంయుక్తసంఘము ఎదుట ఈ వాదమునే వినిపించిరి.

తాను నియామకస్థానము మూలముననే సభలో ప్రవేశించి, పరస్త్రీలకు ప్రత్యేకస్థానములు వలదనుట విడ్డూరముగ కనబడవచ్చును. ఆమె ఆలోచన వేరు. నియమించువాని దయ ఎంతకాలముండునో ఆమె అనుభవమున తెలిసికొనియుండెను. మతముల వారీగా స్థానములిచ్చినచో స్త్రీ తన మతపెద్దల ప్రతినిధి యగునే గాని స్త్రీల ప్రతినిధి కాదని ఆమె భయము. ఎదుటిపక్షము వాదమును తేలికది కాదు. బేగము షానవాజు వంటివారికి, సమానత్వమను మాటతో అల్పసంఖ్యాకులైన స్త్రీలు అడుగంటిపోదురన్న జంకు నిజమైనది. ఓటు ఆస్తికి ముడిపడినంతకాలము హరిజనస్త్రీకి బహిరంగపోటీలో స్థానమెక్కడిది? ఆ ప్రశ్నకు ఆ మువ్వురు విదుషీమణుల విజ్ఞప్తిలో వయోజనఓటు తప్ప వేరు సమాధానము లేదు. ఆ వయోజనఓటు బ్రిటిషువారు ఇయ్యలేదు. 1935 చట్టము స్త్రీలకు రాష్ట్రశాసనసభలలో 41 స్థానములను ఇచ్చినది. వానినిగూడ మతములవారీగనే పంచినది. వలదన్న పద్ధతిలోనే స్త్రీలు సభలకు వచ్చిరి. మద్రాసు సభలో 1937లో రుక్మిణీ లక్ష్మీపతి ఉపసభాపతి యయ్యెను. ఆచంట లక్ష్మీపతిగారి సతీమణిగా ఆమెను ఆంధ్రులెల్లరు ఎరుగుదురు. ముత్తులక్ష్మి పదేండ్లక్రితము కూర్చున్న స్థానమునకు ఈమారు ఓట్ల మార్గమున ఒక స్త్రీ వచ్చెను.

దేవదాసీ బిల్లు పదునేడేండ్లు నానినది. కడపట 1947లో మద్రాసు శాసనసభ అంకితమును నిషేధించు చట్టమును చేసినది. అంకితురాలైన స్త్రీ వివాహము చేసికొనినచో అది చెల్లునని చట్టము స్పష్టపరచినది. గుడిలోను ఊరేగింపులలోను స్త్రీలు నర్తించుటను గూడ నిషేధించినది. ఇంచుమించు ఆ కాలముననే, టంగుటూరి ప్రకాశము పంతులుగారు ముఖ్యమంత్రిగా నుండిన దినములలో, రాధికాసాంత్వనముపై నిషేధము తొలగినది. ముద్దుపళనికి పుస్తకమున విముక్తి, ఆమె వారసురాళ్ళకు గుడిలో నిషేధము! ఒకే రాజధానిలో ఈ రెండు నిర్ణయములు ఇంచుమించు ఒకే కాలమున వెలువడినవి.

చట్టము పసిపిల్లలను కాపాడినది. ఇందు సందేహము లేదు. కాని నృత్యమునకు పట్టిన గతి వేరు. 1932లోనే, ఆటను గూర్చి ఇ. కృష్ణయ్యరునకును ముత్తులక్ష్మికిని పత్రికలలో పెద్ద వాదము జరిగినది. ఆటను ఆచారమునుండి వేరుచేసి కాపాడవలెనని ఆయన. ఆట ఉన్నంతకాలము ఆచారముండునని ఆమె. కొద్ది సంవత్సరములలో అదే అడయారున రుక్మిణీదేవి ఆ నృత్యమునకు క్రొత్తవేదిక కల్పించెను. గౌరవకుటుంబముల బాలికలు నేర్చిరి. ఆట నిలిచినది, ఆడినవారి కుమార్తెలలో పలువురు వేదిక దిగిపోయిరి. వీణ ధనమ్మాళ్ మనుమరాలు బాలసరస్వతి వంటి కొందరు మాత్రమే నిలదొక్కుకొనిరి. గోదావరి, కృష్ణా మండలములలోని కళావంతులు సూర్యబలిజలను పేరు పెట్టుకొని, పిల్లలకు చదువు చెప్పించి, పూర్వవృత్తిని నోట పలుకుట మానిరి. వృద్ధురాండ్రైన కళావంతులను వెదకి వారి విద్యను సేకరించుటకు నటరాజ రామకృష్ణ తరువాతికాలమున ఎంతయో శ్రమపడవలసివచ్చినది.

చట్టము చేరని చోట్లు గూడ మిగిలినవి. రాయలసీమలోని బసివి, తెలంగాణములోని జోగిని, చిత్తూరు ప్రాంతపు మాతమ్మ, వీరు పెద్దగుళ్ళ ఇనాముదారురాండ్రు కారు. కడపేదలైన దళిత కుటుంబముల బిడ్డలు, గ్రామదేవతకు అర్పింపబడి ఊరివారి పాలైనవారు. వారి పేర వినతిపత్రములు వ్రాసిన సంఘమును లేకుండెను. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1988లో క్రొత్తచట్టము చేసినప్పుడు ఈ పేర్లన్నియు చట్టమున ఎక్కినవి. మొదటి తీర్మానమునకును దానికిని నడుమ అరువదియొక్క సంవత్సరములు.

సభ విడిచినపిదప ముత్తులక్ష్మి ప్రజాసేవను విడువలేదు. మహిళాసంఘపు పత్రిక స్త్రీధర్మమును నడిపెను. మద్రాసు నగరపాలకసంస్థలో ఆల్డర్మను పదవిని వహించెను. స్వాతంత్ర్యానంతరము దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆధ్వర్యమున కేంద్ర సాంఘిక సంక్షేమసంఘము ఏర్పడి, రాష్ట్రములకు శాఖలు వచ్చినప్పుడు మద్రాసు శాఖకు ముత్తులక్ష్మి తొలి అధ్యక్షురాలయ్యెను. దుర్గాబాయి కాకినాడలో బాలికగా నున్నప్పుడే, గాంధీజీ రాక సందర్భమున దేవదాసీ స్త్రీలను ఆయన చెంతకు చేర్చినది. ఇరువురికిని ఒకరి పని ఒకరికి విడమరచి చెప్పనక్కరలేకుండెను.

సోదరి మరణమునాటి తలంపు మాత్రము ఇంకను తీరలేదు. కాన్సరుకు ప్రత్యేకవైద్యశాల యేల, వచ్చినవారు చచ్చువారే గదా యని అధికారులు చాలకాలము నిరుత్సాహపరచిరి. ఆమె చందాలు పోగుచేయుట మానలేదు. 1952లో నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1954లో అడయారున కాన్సరు సంస్థ పన్నెండు పడకలతో ప్రారంభమైనది. ఆమె కుమారుడు డాక్టరు కృష్ణమూర్తి అందు శస్త్రవైద్యుడు. 1956లో ప్రభుత్వము ఆమెకు పద్మభూషణ బిరుదము నిచ్చినది. ఎనుబదియేండ్లు దాటినను, చూపు మందగించినను, ఆమె అవ్వయ్ హోము పిల్లల మంచిచెడ్డలు విచారించుచునే యుండెను. 1968 జూలై 22వ తేదీన, మరి ఎనిమిది దినములలో ఎనుబదిరెండేండ్లు నిండుననగా, మద్రాసులో కన్నుమూసెను. ఆనాటికి కాన్సరు సంస్థకు దక్షిణదేశపు నలుమూలలనుండి, నెల్లూరు, చిత్తూరు మండలముల నుండియు, రోగులు వచ్చుచుండిరి.